ముందు కూర్చునే మనిషి

మునిరత్నమ్మ తూకం ఎక్కగానే కోచ్ మొహం వెలిగింది. తన బరువు చూసి సంతోషపడిన మగవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

కోచ్ స్తావ్రోస్ గ్రీసు దేశపువాడు. అతనికి అరబ్బీ రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. అతనన్నది ఆమె పనిచేసే ఇంటి అమ్మాయి జుమానా అరబ్బీలోకి మార్చి చెప్పింది. "మన ముగ్గురి బరువూ కలిపితే పరిమితికి కొంచెం లోపలే ఉన్నామట. పోర్చుగల్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్ అయ్యేదాకా ఇంతే ఉండమంటున్నాడు. నువ్వు ఉపవాసాలు చెయ్యకూడదట రత్నా."

"శనివారం ఒక్కపొద్దు ఒకటే కదా నేనుండేది. పోర్చుగల్ నుంచి వచ్చాక ఉంటాలే" అంది మునిరత్నమ్మ, వచ్చిన అరబ్బీలో. దేవుడితో తర్వాత మాట్లాడుకోవచ్చు. పోటీ మాత్రం ఇంకో పది పన్నెండు రోజుల్లోకి వచ్చేసింది.

సౌదీలోని రాబిగ్ ఊరి బయట, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న పడవల క్లబ్బు అది. ముగ్గురు కూర్చునే పందెం పడవ వాళ్ళది. దాని పొట్ట కింద సీసం పోసిన ఇనుప రెక్క ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. గాలి ఎంత తోసినా పడవ పక్కకు ఒరిగిపోకుండా కింద నుంచి అది పట్టుకుంటుంది. పైనుంచి పట్టుకోవలసింది మనుషులు. అంచున కూర్చుని, కాళ్ళు పట్టీల్లో ఇరికించి, నడుము దాకా నీళ్ళ మీదికి వాలాలి. రైల్వే కోడూరు నుంచి వచ్చిన మునిరత్నమ్మ సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇక్కడే. ఇప్పుడు దాని మీదికి వీపు వాల్చి పడుకుంటోంది.

ఆమెను మొదటి రోజు ఈ పడవ ఎక్కించింది జుమానా తల్లి. పరాయి మగవాడు నేర్పించే చోటికి పిల్లను ఒంటరిగా పంపడం ఇష్టం లేక, "నువ్వు కూడా ఎక్కి కూర్చో, కనిపెట్టుకుని ఉండు" అంది. పడవలో ఊరికే కూర్చునే చోటు ఉండదని ఆ మహాతల్లికి తెలియదు. గంట తిరగకుండానే రత్నమ్మ చేతిలో ఒక తాడు పెట్టారు. అప్పటినుంచి ఆ తాడు ఆమెదే.

ఆ బుధవారం మధ్యాహ్నం గాలి గట్టిగా లేచింది. జుమానా చుక్కాని దగ్గర, ఆమె క్లాసుమేటు రీమ్ మధ్యలో, మునిరత్నమ్మ ముందు. రిఫైనరీ చిమ్నీలను ఎడమకు పెట్టుకుని పడవ గాలికి ఎదురెక్కింది. నీళ్ళ మీద గుర్తుగా తేలే చివరి బోయ్ చుట్టూ తిరగగానే రత్నమ్మ అంచు మీదనుంచి లోపలికి జారి, తెరచాప స్తంభం పక్కన మోకాళ్ళ మీద నిలబడి తాడందుకుంది. ఆ తాడు ఎత్తేది గాలివాటున పోయేటప్పుడు వాడే పెద్ద తెరచాపను, దాన్ని జెన్నకర్ అంటారు. పడవకన్నా పెద్దగా ఉంటుంది. దాన్ని సంచిలోంచి స్తంభం కొసదాకా ఒక్క ఊపున లాగాలి. చేతి మీద చెయ్యి, చేతి మీద చెయ్యి. మధ్యలో ఆగితే బట్ట మెలిపడుతుంది, నెమ్మదిస్తే నీళ్ళల్లో పడుతుంది. బావిలో చేద తోడినట్టే గానీ ఇక్కడ బొక్కెన ఆకాశంలోకి పోతుంది. ఆమె లాగింది. ఎర్రటి బట్ట ఫటేలుమని విచ్చుకుంది. పడవ ముక్కు పైకెత్తి ఉరికింది. వెనక రబ్బరు బోటులో వస్తున్న స్తావ్రోస్ రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు.

పేరుకు యూరోపియన్ పోటీలే గానీ ఏ దేశపు పడవైనా రావచ్చు. పోయినేడు జరిగినవాటి వీడియోలు జుమానా ఫోనులో ఉన్నాయి. జుమానా వాటిలో గెలిచిన పడవను చూస్తుంది. రీమ్ గాలిని చూస్తుంది. మునిరత్నమ్మ మాత్రం ప్రతి పడవలోనూ ముందున్న మనిషి చేతులనే చూస్తుంది. వాళ్ళలో ఒక జర్మనీ ఆమె లాగే తీరులో ఒక్క కదలిక కూడా వృథా పోదు. పోర్చుగల్‌లో ఆ మనిషి పక్కన ఇంకో పడవలో తానూ తాడు లాగాలని రత్నమ్మ కోరిక. ఇంత గట్టిగా దేన్నీ కోరుకుని చాలా ఏళ్ళయింది.

పడవ ఒడ్డుకు చేరేసరికి షెడ్డు నీడలో జుమానా తల్లి హెస్సా నిలబడి ఉంది. కూతురిలాగే పనివాళ్ళందరూ ఆమెను మామా, అంటే అమ్మా, అంటారు. పక్కన ఆమె చెల్లెలి కూతురు దానియా, రియాద్ నుంచి ఆ పొద్దున్నే దిగిన పిల్ల, కొత్త లైఫ్ జాకెట్ తొడుక్కుని నవ్వుతోంది. దాని ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

"దానియా ఈతలో మెడల్ కొట్టిన పిల్ల. మీ పడవలో ముందు ఇది కూర్చుంటుంది" అంది మామా. "అక్కడ ఫోటోలు తీస్తారు, టీవీలో వస్తుంది. మూడో మనిషి ఎవరని అడిగితే మా ఇంటి పనిమనిషి అని చెప్పనా?"

జుమానా నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. రీమ్ తాడు చుట్టడంలో మునిగిపోయింది.

"నువ్వు బాధపడకు రత్నా. నువ్వు లేకుండా నాకు మాత్రం గడుస్తుందా? పోర్చుగల్‌లో ఇల్లు తీసుకుంటున్నాం. వంట చూసుకో, పడవ కడుగు, తెరచాపలు ఆరబెట్టు. రేపటినుంచి దానియాకు నీ పని నేర్పు." మామా గొంతులో కోపం లేదు. చాలా ఉదారంగా ఉన్నాననే నమ్మకం ఉంది. అదే ఎక్కువ మండించింది మునిరత్నమ్మను. ఆమె తడిసిన జెన్నకర్‌ను మంచినీళ్ళతో తడిపి, ఉప్పు పోయేదాకా పిండి, తీగ మీద వేసింది.

జుమానా వాళ్ళు కారులో వెళ్ళిపోయారు. తడి సామానుతో పాటు రత్నమ్మ సామాను మోసే హైలక్స్ బండి ఎక్కింది. డ్రైవర్ మహబూబ్‌ది రాయచోటి. ఆ ఇంట్లో ఆమెకు తెలుగు మాట వినపడేది అతని నోటనే.

"ఏమక్కా, మొగం అట్ల పెట్టుకున్యావు?"

"నా సోటు పాయ మహబూబూ. రియాద్ పిల్ల కూసుంటాదంట."

"పోర్చుగల్‌కు తీసకపోతాండారు గదక్కా. ఊరికే ఇమానమెక్కి ఒగ దేశం సూసొస్తావు."

"వండిపెట్టేదానికి అంత దూరం పోవాల్నా? ఈడ వండేది సాల్లేదా?"

"మామాతో పెట్టుకోవద్దు. కోపమొస్తే పాస్‌పోర్టుకు ఖురూజ్ కొట్టించి ఊరికి పంపిస్తాది. రెండోనాటికి కోడూర్లో ఉంటావు."

"ఉంటే ఉంటాలే. బొప్పాయి తోటల్లో కూలికి పోలేనా యేంది. దానికి గాదు నేను ఏడ్చేది." ఆమె తాడు రాసుకుని గట్టిపడిన అరచెయ్యి తొడకు రుద్దుకుంది. "ఆ ఇంట్లో నేను జేసే పని ఎవురు జేసినా ఒగటే. రేపు నేను సస్తే ఎల్లుండికి ఇంగోతి వచ్చాది. పడవలో అట్ల గాదప్పా. నేను లాగకపోతే వాళ్ళిద్దరూ ఆడ్నే నిలబడిపోతారు. నాకు ఆ సోటు గావాల."

"కావాలంటే ఎట్లక్కా ఇస్తారు?"

"అదే తెలీదు" అంది మునిరత్నమ్మ. అయినా ఆ గొంతులో వదులుకున్న మనిషి జాడ లేదు. మహబూబ్ అది గమనించి ఏసీ తగ్గించాడు.

మర్నాడు దానియాకు నేర్పమన్నారు కాబట్టి నేర్పింది. దాపరికం లేకుండా నేర్పింది. పనిలో మోసం చెయ్యడం ఆమెకు చేతకాదు, చేతనైనా పడవతో అలాంటి పని చెయ్యదు. కాలు ఎక్కడ పెట్టాలో, ఏ తాడు మీద కూర్చోకూడదో, గాలి విసురు వచ్చేముందు నీళ్ళ మీద నలుపు ఎలా పాకుతుందో ఒడ్డునే చూపించింది. దానియా బుద్ధిగా వింది. చెడ్డపిల్ల కాదు. "ఇది నీ చోటట కదా? నాకు ఎవరూ చెప్పలేదు" అంది మెల్లగా. రత్నమ్మ తాడు ఆ పిల్ల చేతికిచ్చింది. "తాడు పట్టుకునేటప్పుడు బొటనవేలు లోపల పెట్టకు" అని మాత్రం అంది.

ఆ రోజు ఆమె రబ్బరు బోటులో స్తావ్రోస్ పక్కన కూర్చుని తన పడవను బయటినుంచి చూసింది. దానియా సన్నటి పిల్ల. గాలి పెరిగేసరికి పడవను అణిచిపెట్టే బరువు చాలక, అది ఒక పక్కకు వాలి, కీల్ ఉన్నా లేనట్టే జారిపోయింది. బోయ్ తిరిగాక దానియా లాగడం మొదలుపెట్టింది. సగంలో చేతులు మండి ఆగింది. ఆ ఒక్క క్షణం చాలు. జెన్నకర్ అంచు నీళ్ళు తాకింది, ఆ బట్ట కడుపు నిండా సముద్రం తాగి పడవ అడుగున చేరింది. పడవ నిలబడిపోయింది. ముగ్గురు పిల్లలూ కలిసి లాగితే గానీ అది బయటికి రాలేదు. మునిరత్నమ్మ రెండు చేతులూ ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్తావ్రోస్ గ్రీకులో ఏదో గొణిగాడు. ఏ భాషైనా ఆ మాట అర్థమవుతుంది.

సాయంత్రం క్లబ్బు గదిలో గోడ మీది టీవీకి ఒక వీడియో కాల్ కలిపారు. పోటీల తరఫున మనుషుల వివరాలు సరిచూసే ఆవిడ, నెరిసిన జుట్టు, మెడలో కళ్ళజోడు తాడు. జుమానా పేర్లు పంపింది మునుపే కాబట్టి ఆవిడ దగ్గర మునిరత్నమ్మ పేరు మూడో మనిషిగానే ఉంది. దానియా పేరు కొత్తగా చేర్చాలి. మామా కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. ఖర్చు ఆమెది, మాట కూడా ఆమెదే.

ఆవిడ అడిగినదాన్ని తల్లికి జుమానా అరబ్బీలో చెప్పింది. "మనం పేరిచ్చింది ఔత్సాహికుల విభాగంలో. ఆ విభాగంలో పడవ మీద ఎవరూ జీతానికి పనిచెయ్యకూడదు. రత్న మన ఇంట్లో ఉద్యోగి కదా, పడవకు రావడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనా అని అడుగుతోంది. అవునంటే ఆమె జీతం మీద పడవ నడిపినట్టే లెక్క. ఇన్నాళ్ళూ అలా చేశాం కాబట్టి మనల్ని తీసుకెళ్ళి ప్రొఫెషనల్స్‌లో వేస్తుంది."

ప్రొఫెషనల్స్ అంటే ఏమిటో మామాకు తెలుసు. పుట్టింది మొదలు పడవల్లోనే పెరిగినవాళ్ళు. వాళ్ళ మధ్య తన కూతురు ఆఖరున వస్తుంది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"భాగం కానే కాదు. ఇంటి పనికే జీతం. పడవకు ఆమె తన సరదా కోసం వస్తుంది. ఇంటి పని అయ్యాక మధ్యాహ్నాలు ఆమెవి. శుక్రవారాలు పూర్తిగా ఆమెవి. మేము పంపం, ఆపం."

తనకు మధ్యాహ్నాలు ఉన్నాయని మునిరత్నమ్మ వినడం అదే మొదలు. రెండేళ్ళుగా శుక్రవారాలు కూడా పడవ సామాను మోయడంలోనే పోయాయి. సముద్రపు గాలి పీల్చుకుంటున్నావుగా, అదే నీ సెలవు అనేది మామా.

తెర మీది ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఈసారి నేరుగా రత్నమ్మ వైపు చూసి ఏదో అడిగింది. జుమానా దాన్ని అరబ్బీలోకి మార్చింది. "నిన్నే అడుగుతోంది. ఎవరైనా పంపితే వస్తున్నావా, నీ అంతట నువ్వే వస్తున్నావా?"

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. మొదటి రోజు పంపింది మామానే. ఆ మాట చెబితే నిజమే, కానీ పిల్లల ఇన్నాళ్ళ కష్టం నీళ్ళపాలు. మరి ఇప్పుడు? వంటింట్లో గిన్నెలు తోముతూ గాలి ఎటునుంచి వస్తోందో అని కిటికీలోంచి చెట్టు కొమ్మలు చూసేది ఎవరు పంపితే?

"నా అంతట నేనే వస్తున్నాను" అంది మునిరత్నమ్మ. చెప్పాక తెలిసింది, అబద్ధం చెప్పలేదని.

ఆవిడ తలూపింది. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది. పోర్చుగల్‌కు ఇంటి పనిమనిషిని జీతం మీద తెచ్చుకుంటే తెచ్చుకోవచ్చు గానీ, ఆ మనిషి పడవ ముట్టుకోకూడదు, కడగకూడదు, తెరచాప మడవకూడదు. దానియా పేరు చేర్చేదీ లేనిదీ శనివారం లోపల చెప్పమంది. మామా అన్నిటికీ ధారాళంగా ఒప్పుకుంది. గండం గడిచిందన్న సంతోషంలో తానేం ఒప్పుకుందో పట్టించుకోలేదు. పట్టించుకున్నది మునిరత్నమ్మ.

శుక్రవారం పొద్దున ఆమె తలస్నానం చేసి, ఊరి నుంచి తెచ్చుకున్న నీలం చీర కట్టుకుని, తన గదిలో మంచం మీద కూర్చుని టీ తాగింది. మామూలుగా ఈ పాటికి సామాను బండిలో ఎక్కించి, సాండ్‌విచ్‌లు చుట్టి, గేటు దగ్గర ఉండాలి. బయట మహబూబ్ హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. లోపల్నుంచి మామా పిలిచింది. రెండోసారి కొంచెం గట్టిగా పిలిచింది. రత్నమ్మకు ఖురూజ్ మాట గుర్తొచ్చింది. నిజంగా పంపించేస్తే పడవ లేదు, ఏమీ లేదు. అయినా గ్లాసు కింద పెట్టకుండా ఆఖరు గుటక దాకా తాగింది.

తలుపు చప్పుడైంది. ఎవరో వేళ్ళతో తట్టారు. ఆ ఇంట్లో ఆమె గది తలుపు తోసేవాళ్ళే గానీ తట్టేవాళ్ళు లేరు.

"రా" అంది.

జుమానా గుమ్మంలో నిలబడింది, చీరలో ఉన్న రత్నమ్మను ఎగాదిగా చూస్తూ. "మామా పిలుస్తోంది. పడవ కడగాలట. దానియాకు ఈరోజు కూడా నేర్పాలట."

"ఈరోజు శుక్రవారం."

"అవును."

"శుక్రవారం పూర్తిగా నాదని మీ అమ్మ చెప్పింది. నేనూ ఒప్పుకున్నాను. అంటే ఈరోజు పడవ కడగడం నా పని కాదు. అది పనే అయితే జీతం మీద చేసినట్టవుతుంది. అప్పుడు ఆ కళ్ళజోడు అమ్మకు చెప్పాలి."

జుమానాకు అర్థమైంది. పెదవి చివర నవ్వు మొదలై ఆగిపోయింది, ఎందుకంటే రత్నమ్మ నవ్వడం లేదు.

"మొన్న మీ అమ్మ నన్ను తీసేసినప్పుడు నువ్వు మాట్లాడలేదు జుమానా. పడవలో నేనొక్క క్షణం ఆలస్యం చేస్తే అరుస్తావే, అప్పుడు ఆ నోరు ఏమైంది?"

"భయపడ్డాను" అంది జుమానా. "తప్పు చేశాను."

బయట హారన్ ఇంకోసారి మోగింది. జుమానా లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది. "సరే. పని కాదు. నేను అడుగుతున్నాను. వస్తావా?"

"వస్తే నా చోటెక్కడ?"

"ముందు."

"ఈరోజేనా? పోర్చుగల్‌లో?"

"పోర్చుగల్‌లోనూ. దానియాకు నేను చెప్తాను, ఆ పిల్ల సంతోషిస్తుంది కూడా. కానీ మామా..."

"మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు పక్కన నిలబడు చాలు." మునిరత్నమ్మ లేచి కొంగు దోపుకుంది. "బట్టలు మార్చుకుంటా, ఆగు."

పడవ బట్టలు తొడుక్కుని, జుట్టు బిగించి ముడేసుకుని ఆమె హాల్లోకి వచ్చేసరికి మామా సోఫాలో కూర్చుని ఉంది. ఖహ్వా కాఫీ కప్పు చేతిలోనే ఉంది, తాగడం లేదు. జుమానా వెళ్ళి రత్నమ్మ పక్కనే నిలబడింది.

"మామా, నేను పడవకు పోతున్నాను. ముందు కూర్చోవడానికి. రెండేళ్ళు నిండాయి కాబట్టి నాకు సెలవు రావాలి. ఆ ఇజాజా పోర్చుగల్ రోజులకే రాయండి. కోడూరుకు మళ్ళీ ఎప్పుడైనా పోతాను."

"నా ఇంట్లో ఉంటూ నాకే చెప్తున్నావా?" మామా కప్పు బల్ల మీద పెట్టింది. "నేను వద్దంటే?"

"నిన్న ఆ అమ్మ ముందు మీరు చెప్పిందే నేనూ చెప్పాను. ఆ మాట నిజం కావాలంటే ఈరోజు నుంచి అట్లాగే ఉండాలి కదా." మునిరత్నమ్మ గొంతు పెంచలేదు. "అట్లా కాదు, ఇది మీరు పంపిన పనేనంటే, నా పేరు తీసేసినా లాభం లేదు. ఇన్నాళ్ళు చేసింది చేసినట్టే ఉంటుంది."

మామా కూతురి వైపు చూసింది. జుమానా చూపు తిప్పుకోలేదు. మొన్న దించుకున్న తల ఈరోజు దించలేదు. "నిన్న పడవ నీళ్ళల్లో నిలబడిపోయింది మామా. రత్న లేకుండా నేను వెళ్ళను. వెళ్ళినా ఆఖరే" అంది.

హెస్సా తెలివితక్కువ మనిషి కాదు. తన నోటితో తానే ఇచ్చిన మధ్యాహ్నాలూ శుక్రవారాలూ ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉన్నాయని ఆమెకు తెలిసింది. వెనక్కి తీసుకోవాలంటే కూతురి పోటీని కూడా తీసుకోవాలి. తొడుక్కున్న నల్లటి అబాయా అంచు సర్దుకుంటూ, ఎవరినీ చూడకుండా అడిగింది.

"మరి పోర్చుగల్‌లో నా బట్టలు ఎవరు ఇస్త్రీ చేస్తారు?"

"సెలవులో ఉన్న మనిషిని అడిగితే ఏం చెప్తాను మామా?"

రత్నమ్మ మూలనున్న తెరచాప సంచి వైపు వంగింది. ఆమె అందుకునేలోపలే ఒక చెవి జుమానా పట్టుకుంది. రెండో చెవి రత్నమ్మ పట్టుకుంది. ఇద్దరూ గుమ్మం దాటుతుండగా వెనకనుంచి మామా గొంతు వినపడింది. రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను ఎవరూ అడగని మాట అది. పంపినవాళ్ళకు అడిగే అవసరం ఎప్పుడూ రాలేదు.

"రత్నా, ఎప్పుడొస్తావు?"

మునిరత్నమ్మ ఆగి, ఆకాశం వైపు, గాలికి ఒంగుతున్న ఖర్జూరపు మట్టల వైపు చూసింది.

"గాలి తగ్గినాక వస్తాను" అంది.